సీలింగ్ స్పీకర్లు పెట్టించుకోవాలా? జిప్సమ్ బోర్డు మూయకముందే చూసుకోండి

ఫాల్స్ సీలింగ్ పని మొదలయ్యాక అందరి దృష్టీ లైట్ల మీదే ఉంటుంది. స్పీకర్లు గుర్తొచ్చేసరికి బోర్డు మూసేసి, పెయింట్ కూడా అయిపోతుంది. అందుకే ముందే తేల్చుకోండి.

మొదట, వాటిలో ఏం వింటారో ఆలోచించండి. వంట చేస్తూ, అన్నం తింటూ పాటలు వినడానికైతే ఇవి చాలా బాగుంటాయి. నేల మీద చోటు పట్టవు, పిల్లల చేతికి అందవు, గదంతా పాట పరుచుకుంటుంది. సినిమాలకు మాత్రం వీటి మీదే ఆధారపడొద్దనేది నా సలహా. మనిషి టీవీలో, మాట నెత్తి మీద! కాసేపటికే చిరాకేస్తుంది. డైలాగులు టీవీ దగ్గరి స్పీకర్ల నుంచే రావాలి. చుట్టూతోపాటు పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ పద్ధతిలో సీలింగ్ స్పీకర్లకు చోటుంది: 5.1.2 అంటే చివరి 2 పైనుంచి వినిపించే స్పీకర్లు. వాన, హెలికాప్టర్ లాంటి శబ్దాలకు అవి ప్రాణం పోస్తాయి.

ఇక కొలతలు. శ్లాబుకీ బోర్డుకీ మధ్య ఖాళీ ఎంతో టేపుతో చూసి, మోడల్ లోతుతో పోల్చాకే కొనండి. ఫ్యాన్ రెక్కల పైన, గోడ మూలల్లో వద్దు. బోర్డు వెనక ఇనుప ఛానెల్ అడ్డురాని చోట గుర్తు పెట్టించండి.

వైరు 16 గేజ్ రాగిది చాలు. కరెంటు వైర్లున్న పైపులో దాన్ని వేయనివ్వకండి. మూసేముందు ప్రతి గదికీ ఫోటో తీయండి, పక్కన టేపు పెట్టి మరీ. మా ఇంట్లో ఫోటో తీయలేదు. వైరు కొస ఎక్కడుందో తెలియక వేళ్లతో బోర్డు తట్టుకుంటూ వెతికాం, రెండుచోట్ల అనవసరంగా కోశాం.

కోతకు స్పీకర్‌తో వచ్చిన అట్ట పెట్టి పెన్సిల్‌తో గీయండి. స్పీకర్‌ను బోర్డుకు పట్టి ఉంచే క్లాంపుల స్క్రూలు చేత్తోనే బిగించండి, డ్రిల్‌తో బిగిస్తే బోర్డు నలుగుతుంది.

నష్టాలూ ఉన్నాయి. బేస్ తక్కువ, చోటు నచ్చకపోతే జరపలేం, శబ్దం పై అంతస్తుకు పాకుతుంది. పైన ఎవరైనా ఉంటే స్పీకర్ వెనక బ్యాక్ బాక్స్ (వెనక భాగాన్ని మూసే డబ్బా) పెట్టించండి, ఖర్చయినా సరే.

స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ కనీసం ఎన్ని ఓమ్‌ల దాకా తట్టుకుంటుందో చూడండి, ఓమ్‌లు తగ్గేకొద్దీ దాని మీద భారం పెరుగుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లవుతాయి. చివరగా పాట పెట్టి రెండింటి మధ్య నిలబడండి. బేస్ పలచగా ఉంటే, ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారై ఉండొచ్చు.