థీమ్ పార్కులో పిల్లలకు పాఠాలు: ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టండి

కోనసీమ నుంచి పిల్లలను థీమ్ పార్కుకు తీసుకువెళ్లే ముందు ఒక సాయంత్రం ధవళేశ్వరంలో ఆగి, 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టతో గోదావరి నీరు పల్లానికి పారే కాలువల్లోకి ఎలా మళ్లిందో వివరించండి. పార్కులో రోలర్ కోస్టర్ వరుసలో నిలబడినప్పుడు ఆ పల్లాన్నే గుర్తుచేయండి: గొలుసుతో మొదటి గుట్ట మీదికి లాగి వదిలిన బండిని ఆ పైన నడిపేది భూమ్యాకర్షణే అయినప్పుడు, తరువాతి గుట్టలు మొదటిదానికంటే ఎందుకు పొట్టిగా ఉంటాయో వారినే అడగండి, జవాబు మాత్రం వెంటనే చెప్పకండి. అంతర్వేది తీర్థంలో ఎక్కిన రంగులరాట్నం ఇక్కడా ఉంటే, లోపలి గుర్రం కంటే అంచు గుర్రం ఎందుకు వేగంగా వెళుతుందో వారిచేత ఊహింపజేయండి. ప్రశ్నల కాగితం మాత్రం చేతికివ్వకండి, సరదా చచ్చిపోతుంది. భోజనం బిల్లు కూడిక పెద్దపిల్లకు అప్పగించండి.