పేపర్ పంపే ముందు: చదవని పత్రాన్ని రిఫరెన్సుల్లో పెట్టకండి

2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా 10,000కు పైగా పరిశోధన పత్రాలను జర్నళ్లు ఉపసంహరించుకున్నాయి. అందులో 8,000కు పైగా హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థ జర్నళ్లవే. 2024 మార్చిలో బయటపడిన మరో పత్రంలో ఉపోద్ఘాతమే చాట్‌బాట్ ఇచ్చిన జవాబుతో మొదలైంది. రచయితల నుంచి ఎడిటర్ దాకా అన్ని మెట్లూ దాటి ఆ వాక్యం అలాగే అచ్చయింది.

గడువు దగ్గరపడిందంటే వ్యాకరణం చూసుకోమని, జర్నల్ ఫార్మాట్ పాటించమని అందరూ చెబుతారు. అవి మీకు తెలిసినవే. పేపర్‌ను, దానితోపాటు రాసినవాళ్ల పేరును ముంచేది వేరే ఉంది: తెరిచి చదవని పత్రాన్ని రిఫరెన్సుగా పెట్టడం.

ఒక రివ్యూ వ్యాసంలో ‘ఈ పద్ధతి బాగా పనిచేస్తుందని తేలింది’ అని ఉండి, పక్కన ఒక నంబరు ఉంటుంది. ఆ వాక్యాన్ని కాస్త మార్చి, ఆ నంబరు తాలూకు పత్రాన్ని మన జాబితాలో చేర్చేస్తాం. అసలు పత్రం తెరిస్తే ఆ ఫలితం ఎలుకల్లో వచ్చిందని, మనుషుల్లో ఇంకా చూడాలని రచయితలే రాసి ఉండొచ్చు. 2003లో వచ్చిన ఒక అధ్యయనం, సుమారు 4,300 సార్లు ఉదహరించిన ఒక ప్రసిద్ధ పత్రాన్ని పరిశీలించింది. 196 చోట్ల దాని వివరాలు తప్పుగా పడ్డాయి, కానీ వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పు పేజీ నంబరు 78 సార్లు కనిపించింది. ఎవరికి వారు అసలు పత్రం చూసి రాస్తే ఇంతమందికి ఒకే పొరపాటు రాదు.

చాట్‌బాట్ల వల్ల ఈ ప్రమాదం ఇంకా పెరిగింది. అవి ఇచ్చే రిఫరెన్సులో రచయితలు నిజం, జర్నల్ నిజం, శీర్షిక నమ్మేలా ఉంటుంది. పత్రం మాత్రం ఎక్కడా ఉండదు. డీఓఐ నంబరు (ప్రతి పత్రానికీ ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు) కనిపించిందని ఊరుకోకండి, దాన్ని తెరిస్తే సంబంధం లేని మరో పత్రం రావచ్చు.

కాబట్టి ప్రతి రిఫరెన్సు డీఓఐనీ తెరిచి శీర్షిక, మొదటి రచయిత, సంవత్సరం సరిపోల్చండి. మీ వాక్యానికి ఆధారం ఏ పేజీలో, ఏ పట్టికలో ఉందో డ్రాఫ్ట్ పక్కన రాసుకోండి. అలా రాయలేకపోతే మీరు దాన్ని చదవనట్టే. పత్రం మొదట్లో ఉండే సారాంశం, అంటే అబ్‌స్ట్రాక్ట్ చదివితే చదివినట్టు కాదు, షరతులన్నీ లోపలే ఉంటాయి. అసలు పత్రం దొరక్కపోతే ఎవరి ద్వారా తెలిసిందో వాక్యంలోనే చెప్పండి. ఉపసంహరించిన పత్రాలను నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఉచితంగానే అందుబాటులో ఉంది, అందులో ఒకసారి వెతకండి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పత్రాన్ని 2010లో పూర్తిగా ఉపసంహరించినా, దాన్ని ఉదహరించడం ఆగలేదు.

ఇక రాసే క్రమం. ముందు పట్టికలు, పటాలు ఖరారు చేసుకోండి. తర్వాత పద్ధతులు, ఫలితాలు, చర్చ, ఉపోద్ఘాతం. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా చివర. ఉపోద్ఘాతంతో మొదలుపెడితే ఫలితాలు ఇవ్వని జవాబును ముందే వాగ్దానం చేసేస్తాం. ఆ తర్వాత దాన్ని నిలబెట్టడానికి చదవని రిఫరెన్సులు వెతుక్కుంటాం. అసలు తప్పు మొదలయ్యేది ఇక్కడే.

ఉపోద్ఘాతం చివరి పేరాలో మీ ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి.

ఫలితాల్లో లేని అంకె చర్చలో కనిపించకూడదు.

అబ్‌స్ట్రాక్ట్‌లోని ప్రతి అంకెనూ పట్టికతో పోల్చండి. పద్ధతుల్లో 120 మంది, పట్టికలో 117 మంది ఉంటే ఆ ముగ్గురూ ఏమయ్యారో రాయండి.

పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే సంభావ్యత) 0.000 అని రాయకండి. 0.001 కన్నా తక్కువ అని రాయండి. సాఫ్ట్‌వేర్ సున్నా చూపించినంత మాత్రాన సంభావ్యత సున్నా అయిపోదు.

రెండు విషయాలు కలిసి మారడాన్ని, అంటే సహసంబంధాన్ని, కారణంగా రాయకండి.

ప్లస్ ఆర్ మైనస్ తర్వాత ఇచ్చింది ప్రామాణిక విచలనమో (ఎస్‌డీ), ప్రామాణిక దోషమో (ఎస్‌ఈ) చెప్పండి.

చాట్‌బాట్‌ను రచయితగా పెట్టకండి. వాడితే జర్నల్ నియమం చూసి వెల్లడించండి.

సహరచయితలందరూ చివరి డ్రాఫ్ట్ చదవకుండా పంపకండి.

చదవని పత్రాన్ని పెట్టకండి. గైడ్ చెప్పినా, రివ్యూయర్ అడిగినా, ముందు చదివి తర్వాతే పెట్టండి.

ఈ తనిఖీని ఆఖరి రాత్రికి ఉంచకండి. 40 రిఫరెన్సులకు ఒక్కోదానికి 10 నిమిషాలు వేసుకున్నా 6 గంటల 40 నిమిషాలు పడుతుంది. అంత సమయం లేకపోతే చదవని రిఫరెన్సునూ, దాని మీద ఆధారపడిన వాక్యాన్నీ రెండింటినీ తీసేసి, మిగిలిన వాటి నంబర్లు మళ్లీ సరిచూసుకోండి.