ఫాల్ ముడతలు ఇలా పోయాయి (నా అనుభవం)

ఉతికిన ప్రతిసారీ ఫాల్ (చీర కింది అంచుకి లోపలివైపు కుట్టే గుడ్డ పట్టీ) కుంచించుకుపోయి చీర అంచు ముడుచుకునేది. ఇస్త్రీ చేశా, దారం మార్చా, టైలర్‌తో మళ్లీ కుట్టించా, లాభం లేదు.

పనిచేసింది ఇది. పూర్ణా మార్కెట్‌లో కొన్న నూలు ఫాల్‌ని రాత్రంతా విడిగా నీళ్లలో నానబెట్టా (ముదురు రంగులు దిగుతాయి, చీరతో కలపొద్దు). పిండకుండా నీడలో వేలాడదీసి, కాస్త చెమ్మ ఉండగానే లాగకుండా అద్దినట్టు ఇస్త్రీ చేశా. మన వైజాగ్ గాలిలో తేమకి అది పొడిబారేసరికి ఓపిక నశిస్తుంది, అయినా ఆగాలి. తర్వాత చీర నేల మీద పరిచి, ఫాల్ మధ్య నుంచి అటూ ఇటూ గుండుసూదులు గుచ్చి, చేత్తో వదులుగా హెమ్మింగ్. దారం బిగిస్తే మళ్లీ మొదటికే.

కొత్త నూలు చీరైతే దాన్నీ ముందు తడపాలి. పట్టుచీరల మీద నేను ప్రయత్నించి చూడలేదు.