ఇంటర్ హాస్టల్‌కు పోయేలోపు: పిల్లలకు ఇంట్లోనే విశ్వాసం నేర్పడం ఎలా?

పదో తరగతి పరీక్షలు ముగిశాయో లేదో ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇంటి గుమ్మం ఎక్కుతారు. జూన్ వచ్చేసరికి పిల్లాడు హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్‌లో ఉంటాడు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఆదివారం టెస్టు. సండే స్కూల్ టీచర్ ఉండదు, ప్రార్థనకు రమ్మని కేకేసే అమ్మ ఉండదు.

కాబట్టి లెక్క అక్కడి నుంచి వెనక్కి వేసుకోవాలి. పదిహేనేళ్లకల్లా ఎవరూ చెప్పకుండా ఐదు నిమిషాలు ప్రార్థన చేసుకోవడం, బైబిల్లో ఒక భాగం చదివి అర్థం చేసుకోవడం, తన డబ్బులోంచి ఇవ్వడం, తప్పు చేస్తే ఒప్పుకోవడం, నలుగురూ చేసేది తనకు సమ్మతం కాకపోతే గొడవ లేకుండా వద్దనడం. ఈ ఐదూ వస్తే చాలు. సినిమా వద్దు, డీజే వద్దు, ఆ ఫ్రెండు వద్దు అన్న చిట్టాతోనే పెరిగిన పిల్లలు మొదటి దసరా సెలవులకే మారిపోయి వస్తుంటారు. కారణం తెలియని నిషేధం కాపలా ఉన్నంతసేపే నిలుస్తుంది.

కుటుంబ ప్రార్థన 12 నిమిషాలే

రాత్రి అన్నం తిన్నాక పెట్టుకుంటే చిన్నవాళ్లు తూగుతారు, పెద్దవాళ్ల చూపు టీవీ మీదికి పోతుంది. కంచాలు పెట్టకముందే కూర్చోండి. ఆకలి మీద ఉంటారు కాబట్టి ఎవరూ సాగదీయరు. గోదావరిఖని, భూపాలపల్లి వైపు సింగరేణి ఇళ్లలో నాన్న షిఫ్టు మారుతుంటుంది. ఆయన వచ్చేదాకా ఆగుదామంటే వారంలో రెండు రోజులు కూడా కుదరదు. ఉన్నవాళ్లతో కానివ్వండి. సెకండ్ షిఫ్టు వారంలో ఆయన పొద్దున బడికి పోయే పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం ప్రార్థిస్తే ఆయన వంతు అయినట్టే. పత్తి ఏరే నెలల్లో అమ్మ అలిసిపోయి వస్తుంది. అప్పుడు పాట వదిలేసి చదవడం, ప్రార్థన మాత్రం ఉంచుకోండి. మొత్తానికే ఆపితే మళ్లీ మొదలయ్యేది క్రిస్మస్‌కే.

కీర్తనలో పల్లవి, రెండు చరణాలకు 3 నిమిషాలు. ఎనిమిది పది వచనాలు చదవడానికి 4. ఒకే ఒక ప్రశ్నకు 3. ప్రార్థనకు 2. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, సంఘటన వెంట సంఘటన నడుస్తుంది, రోజూ ఇంతే చదివినా రెండున్నర నెలల్లో అయిపోతుంది. ఆదికాండము నుంచి వరసగా పోదామనుకున్న ఇళ్లు చాలావరకు లేవీయకాండము దగ్గర ఆగిపోతాయి.

ఇంగ్లీష్ మీడియం పిల్లలు పాత అనువాదంలోని తెలుగు చదవలేక తడబడతారు, నవ్వుతారేమోనని అసలు చదవనంటారు. బలవంతం వద్దు. పెద్దవాళ్లు చదవండి, పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. "యేసు పడవల పండుకున్నడు, గాలి మస్తు వచ్చింది, వాళ్లు భయపడ్డరు" అన్నారంటే అర్థమైనట్టే. అక్కడ భాష దిద్దకండి.

ప్రశ్న ఎలా అడుగుతారన్నది ముఖ్యం. "దీని ద్వారా మనం ఏం నేర్చుకున్నాం?" అంటే "దేవునికి లోబడాలి" అన్న జవాబు ఆలోచన లేకుండా వస్తుంది. "పడవలో ఉంటే నువ్వు ఆయన్ను లేపేవాడివా?" అని అడగండి. తప్పు జవాబు చెప్పినా వాదించకుండా వినండి. "దేవుడు నిజంగా ఉన్నాడా?" అని పన్నెండేళ్ల పిల్ల అడిగితే గద్దించవద్దు. ఇంట్లో అడగనివ్వని ప్రశ్నను హాస్టల్ మంచం మీద ఫోన్‌ను అడుగుతుంది.

ప్రార్థన చెడిపోయే చోటు ఇంకొకటుంది. పిల్లాడు పక్కనే కూర్చుని ఉండగా "ప్రభువా, వీడికి బుద్ధి లేదు, మాట వినడు, ఫోన్ పిచ్చి తీసివెయ్యి" అని కళ్లు మూసుకుని చాడీలు చెప్పడం. చెప్పాల్సింది ఉంటే కళ్లు తెరిచి పిల్లాడికే చెప్పండి. అల్లరి చేసినందుకు శిక్షగా కీర్తన కంఠతా పెట్టించడమూ అలాంటిదే, ఆ కీర్తన అంటేనే మంట పుడుతుంది. తల్లిదండ్రులకు లోబడమనే ఎఫెసీ 6:1 పిల్లలకు చదివించే తండ్రులు అదే అధ్యాయం 4వ వచనం తమకని గుర్తుంచుకోవాలి. పిల్లలకు కోపం రేపవద్దని అక్కడ తండ్రులకే చెప్పాడు పౌలు.

కంఠత వాక్యాలకు వారానికి ఒకటి చాలు. 23వ కీర్తనలో ఆరే వచనాలు, నెలన్నరలో వస్తుంది. నేర్చిన మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ అడగండి. సండే స్కూల్ పోటీ కోసం ఒక్క రాత్రిలో ఇరవై వాక్యాలు రుబ్బించినవి బహుమతి తీసుకున్న సాయంత్రానికే పోతాయి.

బస్సులో టికెట్, చర్చిలో కానుక

నిజాయితీ పాఠం ఆర్టీసీ బస్సులో జరుగుతుంది. 5 నుంచి 12 ఏళ్ల దాకా హాఫ్ టికెట్. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఉచితం కాబట్టి అబద్ధం మగపిల్లాడి దగ్గరే వస్తుంది. ఆరేళ్లవాడిని "నాలుగని చెప్పు" అంటే, పదమూడేళ్లవాడిని వంగి కూర్చోమంటే, ఆ సంవత్సరం సండే స్కూల్ అంతా వృథా. "నాన్న లేడని చెప్పు" అని చిట్టీవాడి ఫోన్ పిల్లల చేతికిచ్చినా అంతే.

కులం కాగితం ప్రశ్న స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. మీ ఇంట్లో ఏ సర్టిఫికెట్ ఉందో, ఎందుకుందో, దాని మీద దేశంలో ఏ వాదన నడుస్తోందో పిల్లలకు దాచకుండా చెప్పండి. గుసగుసలు వింటూ పెరిగితే విశ్వాసమంటే కాగితం మీద దాచేదనే వాళ్లకు అర్థమవుతుంది. అందరం క్రీస్తులో ఒక్కటే అని పాడి, పెళ్లి సంబంధం దగ్గర కులం అడగడాన్ని కూడా పిల్లలు గమనిస్తూనే ఉంటారు.

కానుక విషయంలో అందరూ చేసే పొరపాటు, సంచి దగ్గరికి వచ్చాక పిల్లల చేతిలో పది రూపాయలు పెట్టడం. ఆ నోటు వాళ్లది కాదు, దాన్ని వేయడంలో వాళ్లు పోగొట్టుకునేదీ లేదు. ఏడేళ్ల నుంచి వారానికి కొంత డబ్బు ఇవ్వండి. 50 రూపాయలైతే 5 కానుకకు, 10 దాచుకోవడానికి, 5 అవసరమున్నవాళ్లకు, మిగతా 30 వాళ్ల ఇష్టం. మూడు డబ్బాలు పెట్టి ఆదివారం పొద్దున కాకుండా శనివారమే చిల్లరగా ఇవ్వండి. 30 ఒక్కరోజులో ఖర్చయిపోతే మళ్లీ ఇవ్వకండి. డిసెంబర్‌లో మూడో డబ్బా తెరిచి, మీరు కొంత కలిపి, రెండు దుప్పట్లు వాళ్ల చేతనే కొనిపించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి లాంటి చోట రోగుల వెంట వచ్చి చలిలో పడుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇస్తుంటే ఫోటో తీయవద్దు.

బతుకమ్మ, ప్రసాదం, "మీది తెల్లోళ్ల మతం"

ఇక్కడ సంఘానికి, సంఘానికి తేడా ఉంది. బతుకమ్మ పూల పండుగే కదా అని ఆడనిచ్చేవాళ్లు ఉన్నారు, గౌరమ్మ పూజ కాబట్టి వద్దనేవాళ్లూ ఉన్నారు. ప్రసాదం విషయంలోనూ, విగ్రహాలకు అర్పించిన తిండి గురించి పౌలు రాసిన మొదటి కొరింథీయులు 8, 10 అధ్యాయాలు చదివి రెండు రకాలుగా నడిచే ఇళ్లున్నాయి. ఏది చేసినా అమ్మానాన్నలు ముందే మాట్లాడుకుని ఒక్క మాట మీద ఉండండి, పండుగకు వారం ముందే పిల్లలకు కారణం చెప్పండి. పండుగనాడు అందరి ముందు చెయ్యి పట్టి లాక్కురావడం పిల్లను నొప్పిస్తుంది, పక్కింటివాళ్లను అవమానిస్తుంది.

వద్దనాలని నిర్ణయించుకుంటే మర్యాద మాట కూడా నేర్పండి: "వద్దు పెద్దమ్మా, మేం ప్రసాదం తినం, ఏమనుకోకండి." ఇంట్లో రెండు మూడు సార్లు అనిపించి చూడండి. ఒకరి దేవుణ్ని వెక్కిరిస్తే మాత్రం వెంటనే ఆపించాలి. ఒక తరం కింద క్రైస్తవంలోకి వచ్చిన ఇళ్లలో అమ్మమ్మో నానమ్మో ఇంకా సమ్మక్క జాతరకు పోతూ ఉంటుంది. ఆమె బెల్లం తేవచ్చు, బొట్టు పెట్టబోవచ్చు. ఆమెతో పిల్లలు ఎలా మాట్లాడాలో మీరు ఆమెతో మాట్లాడే తీరే నేర్పుతుంది. తల్లిని సన్మానించమన్న ఆజ్ఞ మీకూ వర్తిస్తుంది.

"మీది తెల్లోళ్ల మతం" అని బడిలో ఎవరో అంటారు. వాదన నేర్పేకంటే వరంగల్ స్టేషన్‌లో రైలెక్కించి డోర్నకల్ తీసుకుపోండి. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి పరంపర) సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కెథడ్రల్‌లో (బిషప్ ప్రధాన చర్చి) గుడి మండపం తరహా స్తంభాలు ఉన్నాయి, పైన గుమ్మటాలు ఉన్నాయి. ఇంకో సెలవుకు మెదక్ చర్చి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆ కట్టడం పని కరువులో జనానికి కూలీ, తిండి ఇచ్చిందని అక్కడే నిలబడి చెబితే గుర్తుంటుంది.

ఫోన్

ఫోన్ పాపం అని చెప్పి మీరు అర్ధరాత్రి దాకా రీల్స్ చూస్తే ఏ మాటా పనిచేయదు. ముందు ఇంటి నియమం: రాత్రి 9 తర్వాత అందరి ఫోన్లూ హాల్లో ఒకే చోట ఛార్జింగ్‌కు. అందరివీ అంటే మీవి కూడా. పదమూడేళ్లలోపు వాళ్లకు సొంత ఇన్‌స్టాగ్రామ్ వద్దు, ఆ కంపెనీ నియమమే అది. పుట్టిన సంవత్సరం మార్చి అకౌంట్ తెరిచి ఇవ్వడం బస్సు టికెట్ అబద్ధం లాంటిదే. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టి రోజుకు గంట, కొత్త యాప్‌కు మీ అనుమతి, రాత్రి లాక్ సెట్ చేయవచ్చు. పెట్టిన సంగతి పిల్లలకు చెప్పండి. దొంగచాటు కాపలా బయటపడిన రోజున నమ్మకం రెండు వైపులా పోతుంది.

అశ్లీల వీడియో ఏదో ఒకరోజు కళ్లబడుతుంది, తరచూ క్లాస్‌మేట్ ఫోన్‌లో. పదేళ్లకే చెప్పి ఉంచండి: "అలాంటిది కనిపిస్తే ఫోన్ తిప్పి పెట్టి మాకు చెప్పు, కొట్టం." చెప్పాక నిజంగానే కొట్టకూడదు. శరీరంలో వచ్చే మార్పుల సంగతి కూడా పది పదకొండేళ్లకే, బిడ్డకు అమ్మ, కొడుక్కి నాన్న చెప్పాలి.

చర్చి అయినంత మాత్రాన జాగ్రత్త వదిలేయకండి. సండే స్కూల్, వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి), యూత్ రిట్రీట్ ఏదైనా సరే, పిల్లలు ఒక్క పెద్దమనిషితో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పాస్టర్ గారైనా అంతే. పిల్లలు ఏదైనా చెబితే సంఘం పరువు చూసుకోకుండా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఆదివారం క్లాసు, ఫలితాల రోజు

తొమ్మిది, పది తరగతుల్లో ఆదివారం స్పెషల్ క్లాసులు మొదలవుతాయి. విద్యాసంవత్సరం మొదట్లోనే హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా అడగండి: ఆదివారం పది తర్వాత పంపుతాం, లేదా ఆ పాఠం సోమవారం నోట్సు తీసుకుంటాడు అని. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పొద్దుటి మొదటి ఆరాధనకు తీసుకుపోండి. పరీక్షల నెలలు చర్చి మానిపించి, ఫస్ట్ ర్యాంకు వస్తే సాక్ష్యం చెప్పిస్తామని మొక్కుకోవడం మాత్రం వద్దు. మార్కులు తగ్గినవాడికి దేవుడు తన పక్షాన లేడనిపిస్తుంది.

ఇంటర్ ఫలితాలకు ముందు రాత్రే నోరు తెరిచి చెప్పండి: "ఏమొచ్చినా నువ్వు మా బిడ్డవే, పోతే సప్లిమెంటరీ ఉంది." మనసులో ఉంటే చాలదు, వాళ్లకు వినపడాలి. ఆ రోజు బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి.

హాస్టల్‌కు పంపేటప్పుడు పెట్టెలో చిన్న సైజు బైబిల్, ఒక నోట్‌బుక్ పెట్టండి. స్టడీ అవర్‌కు ముందు పది నిమిషాలు దొరుకుతాయి. బైబిల్లోని సామెతల గ్రంథం 31 అధ్యాయాలు, తేదీ ప్రకారం రోజుకొకటి చదువుకోవచ్చు. దగ్గరలో ఏ సంఘం ఉందో, ఔటింగ్ రోజున ఎన్ని గంటలకు ఆరాధనో అడ్మిషన్ రోజే కనుక్కుని ఆ పాస్టర్ గారి నంబర్ రాసివ్వండి. వారానికోసారి ఫోన్‌లో "ప్రార్థన చేసుకుంటున్నావా?" అని అడిగితే "ఆ" అనే వస్తుంది. "ఈ వారం రూమ్‌లో ఎవరితో తిన్నావు? ఎవరైనా ఏడిపిస్తున్నారా? మేం దేని గురించి ప్రార్థన చేయాలి?" అని అడగండి.