ఎచింగ్ కొనే ముందు ఫ్రేమ్ విప్పించండి

హైదరాబాద్ గ్యాలరీల్లో పెద్ద చిత్రకారుల కాన్వాస్ ధర అందకపోతే ఎచింగ్‌లు అడగండి, అంటే లోహపు రేకు మీద యాసిడ్‌తో బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితం మీద నొక్కి తీసిన ప్రతులు. లక్ష్మా గౌడ్ లాంటివారు ఎచింగ్‌లోనూ గొప్ప పని చేశారు. కొనే ముందు మొహమాటపడకుండా ఫ్రేమ్ విప్పి చూపించమనండి. లైటు పక్కనుంచి పడితే, బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గుంట అంచు కనిపించాలి. కింద పెన్సిల్ సంతకం, 7/50 లాంటి అంకె ఉంటాయి, అంటే 50 ప్రతుల్లో ఏడోది.

అసలు పరీక్ష పదిరెట్ల భూతద్దంతోనే. ఎచింగ్‌లో నీడల రంగు కోసం వాడే ఆక్వాటింట్ పద్ధతి గరుకు చిందరవందరగా ఉంటుంది. చుక్కలు వరసల్లో కనిపిస్తే అది ఆఫ్‌సెట్ నకలు, అంటే ప్రెస్సులో యంత్రం మీద అచ్చేసింది, సంతకమున్నా ఎచింగ్ ధర పెట్టకండి. చిత్రకారుడి పేరు, మాధ్యమం, సంవత్సరం, ఎన్నో ప్రతో తెలిపే అంకె బిల్లులో రాయించుకోండి. ఫ్రేమ్‌లో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, అంటే మౌంట్, యాసిడ్ లేనిదే వేయించండి, మామూలు అట్టయితే కాగితం అంచులు పసుపెక్కుతాయి.