కొన్న వస్తువు పాడైతే షాపు డబ్బు వాపసు ఇవ్వనంటోందా? అడ్డం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

రీఫండ్ అడిగితే షాపు చెప్పే జవాబులు అటు తిప్పి ఇటు తిప్పి నాలుగైదే. ఏ జవాబు చెప్పారన్నదాన్ని బట్టి అసలు అడ్డం ఎక్కడుందో తెలిసిపోతుంది. అందుకే కింద ఆ జవాబులనే లక్షణాలుగా తీసుకుని, వాటి వెనక కారణం, చేయాల్సిన పని రాశాను. ఇదంతా మన దేశంలో అమలులో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం.

గొడవకు దిగేముందు: బిల్లు, వస్తువు కలుస్తున్నాయా?

ఇది అందరూ దాటేసే పని, కానీ రెండు నిమిషాల్లో అయిపోతుంది. వస్తువు మీదున్న సీరియల్ నంబరు (ఫోనైతే ఐఎంఈఐ), అట్టపెట్టె మీదున్న నంబరు, బిల్లులోని నంబరు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. కౌంటర్లో హడావిడిగా ఒక పెట్టె స్కాన్ చేసి మరో పెట్టె చేతికివ్వడం మామూలుగా జరిగేదే. నంబరు తేడా ఉంటే "ఇది మేం అమ్మింది కాదు" అన్న ఒక్క మాటతో మిగతా వాదనంతా ఆగిపోతుంది. తేడా కనిపిస్తే ముందు బిల్లు సరిచేయించుకోండి. లోపం గురించి ఆ తర్వాతే మాట్లాడండి.

బిల్లు థర్మల్ కాగితం మీద ఉంటే కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి, కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి. బిల్లు ఇంట్లో మరొకరి పేరున ఉన్నా ఇబ్బంది లేదు. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. బిల్లు పోతే యూపీఐ లావాదేవీ నంబరు చూపించి డూప్లికేట్ అడగండి. అసలు బిల్లే ఇవ్వకపోతే ఆ పనే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం.

ఇంకో ప్రశ్నకు మీకు మీరు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. పాడైంది వస్తువు లోపలున్న లోపం వల్లనా, దారిలో దెబ్బ తగలడం వల్లనా, మీ చేతిలోంచి జారడం వల్లనా? మొదటి రెండింటికీ దారి ఉంది. మూడోదైతే రీఫండ్ హక్కు లేదు, ప్రమాదవశాత్తు దెబ్బతింటే కవర్ చేసే ప్లాన్ ఏదైనా తీసుకుని ఉంటే దాని గడువులోపు క్లెయిమ్ పెట్టుకోవడమే. కింద పడ్డ ఫోన్‌ను "దానంతటదే ఆగిపోయింది" అని వాదించడం మొదలుపెడితే తర్వాత చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

లక్షణం: "అమ్మిన సరుకు వాపసు తీసుకోం, బిల్లు మీదే ఉంది చూడండి"

కారణం: బిల్లు కింద అచ్చువేసిన వాక్యం చట్టం కంటే గొప్పదని ఇద్దరూ అనుకోవడం.

పరిష్కారం: చట్టంలో సెక్షన్ 2(47) చూపించండి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార విధానం అని అందులో స్పష్టంగా ఉంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. అంటే గడువేమీ లేకుండా "వాపసు లేదు" అని మాత్రమే ఉన్న బిల్లు మీకు అడ్డం కాదు. ఒకటి గుర్తుంచుకోండి, ఇది లోపమున్న వస్తువుకే. రంగు నచ్చలేదు, మరోచోట చవగ్గా దొరికింది అంటే ఈ సెక్షన్ పనికిరాదు, అక్కడ షాపు దయ.

ఆన్‌లైన్‌లో కొన్నదైతే 2020 ఈ-కామర్స్ నిబంధనలు మరింత సూటిగా ఉన్నాయి. లోపమున్నదీ, నకిలీదీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేనిదీ అయితే అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందిన 48 గంటల్లో గ్రీవెన్స్ అధికారి (కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారి) అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో వచ్చే జవాబులతో రోజులు గడపకుండా, వెబ్‌సైట్ అడుగున ఉండే గ్రీవెన్స్ అధికారి ఈమెయిల్‌కే నేరుగా రాయండి.

లక్షణం: "మాకు సంబంధం లేదు, కంపెనీతో మాట్లాడుకోండి"

కారణం: వారంటీ కంపెనీది, అమ్మకం షాపుది. ఈ రెంటినీ కలిపేసి చెబుతారు.

పరిష్కారం: డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చింది షాపు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి, కానీ షాపును వదిలేయకండి. ప్రతి ఉత్తరం ఇద్దరికీ పంపండి. వినియోగదారుల కమిషన్‌దాకా (వినియోగదారుల కోర్టు అంటామే, అదే) వెళ్తే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే, చేరని వాళ్ల మీదికి తప్పు తోసేయడం వాళ్లకు చాలా సులువు.

లక్షణం: "ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు"

న్యాయమైన ఫిర్యాదులు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. వస్తువులో నిజంగా లోపం ఉంటుంది, బిల్లు ఉంటుంది, గడువు ఉంటుంది. అయినా ఓడిపోతారు.

కారణం: జాబ్ షీట్ మీద మీ సంతకం.

సర్వీస్ సెంటర్‌లో వస్తువు తీసుకునేటప్పుడు ఇచ్చే కాగితంలో సాధారణంగా మూడు గళ్లుంటాయి. మీరు చెప్పిన సమస్య, తీసుకున్నప్పుడు వస్తువు స్థితి, టెక్నీషియన్ వ్యాఖ్య. మీరు మొదటి గడి మాత్రమే చదువుతారు. రెండో గడిలో "గీతలు ఉన్నాయి", "సొట్ట", "పగులు", "తడి తగిలింది" లాంటివో, కస్టమర్ వల్ల జరిగిన నష్టం అని చెప్పే పొడి అక్షరాలో పడి ఉంటాయి. కొన్నిచోట్ల ఆ గడి ఖాళీగా ఉండగానే సంతకం తీసుకుంటారు, తర్వాత నింపుతారు. మూడు నెలల తర్వాత ఈ గొడవ కమిషన్‌కు వెళ్తే, వస్తువు దెబ్బతిని ఉందని మీరే ఒప్పుకున్నట్టు ఆ కాగితం చెబుతుంది. లోపం ఉందని చూపించాల్సింది ఫిర్యాదు చేసినవారే కాబట్టి, ఆ సంతకంతో భారమంతా మీ మీదే పడుతుంది.

దీనికి ఇంకో రూపం ఓటీపీ. ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషిన్ చూడటానికి ఇంటికొచ్చిన టెక్నీషియన్ వెళ్తూ వెళ్తూ "సార్, ఫోన్‌కి ఒక నంబరొచ్చింది, చెప్పండి" అంటాడు. అది హాజరు కోసం కాదు, సాధారణంగా కంప్లైంట్ ముగించడానికి. చెప్పగానే కంపెనీ రికార్డులో "పరిష్కారమైంది, కస్టమర్ సంతృప్తి చెందారు" అని మూసుకుపోతుంది. మర్నాడు మీరు ఫోన్ చేస్తే అది కొత్త ఫిర్యాదు, మళ్లీ మొదటి నుంచి లెక్క. మెసేజ్ పూర్తిగా చదివి, పని అయ్యాకే నంబరు చెప్పండి. భాగం తెప్పించాలి అంటే కంప్లైంట్ తెరిచే ఉంచమనండి.

పరిష్కారం, వస్తువు ఇంకా మీ దగ్గరే ఉంటే:

ఇంటి దగ్గరే ఆపకుండా ఒకే వీడియో తీయండి. ముందు సీరియల్ నంబరు, తర్వాత అన్ని పక్కలు, మూలలు, చివర లోపం. ముక్కలుగా తీసి అతికిస్తే విలువ తగ్గుతుంది. ఫోనైతే సిమ్ ట్రే తీసి లోపలికి టార్చి వేసి చూడండి. చాలా ఫోన్లలో అక్కడ తడి తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్ ఉంటుంది. తెల్లగా ఉంటే దాన్నీ వీడియోలో చూపించండి, తర్వాత ఎవరూ "నీళ్లు వెళ్లాయి" అనలేరు. టీవీ ప్యానెల్ అయితే వెలుతురు పక్కనుంచి పడేలా పట్టి తీయండి. బయటి దెబ్బకు పగిలితే సాధారణంగా ఒక బిందువు నుంచి గీతలు చుట్టూ పాకుతాయి. అలాంటి బిందువేదీ లేదని కనిపించడం మీకు బలం.

బయటి మెకానిక్ చేత విప్పించకండి. సీలు చిరిగితే ఇంకేం చూపించినా అక్కడే ఆగుతుంది.

కౌంటర్లో జాబ్ షీట్ మీద సంతకానికి పైన మీ చేతిరాతతో ఒక వాక్యం రాయండి: "వస్తువు మీద దెబ్బ, పగులు, తడి లేవు. కొన్న ఫలానా రోజు నుంచి ఆన్ కావడం లేదు. రిపేరుకు కాదు, పరీక్ష కోసం ఇస్తున్నాను." చివరి ముక్క ఎందుకంటే, రిపేరుకు ఒప్పుకున్నాక "మీరే బాగుచేయమన్నారు కదా" అని రీఫండ్ మాట పక్కకు నెట్టేస్తారు. నిజంగానే గీతలుంటే దాచకండి, "కుడి మూలలో వెంట్రుకంత గీత, వాడకం వల్ల వచ్చింది" అని కచ్చితంగా రాయండి. "గీతలు" అన్న ఒట్టి మాటలో ఏదైనా ఇరికించవచ్చు, కచ్చితమైన వాక్యంలో ఇరికించలేరు. రెండు వైపులా ఫోటో తీసుకోండి. రాయనివ్వకపోతే అదే వాక్యాన్ని కౌంటర్ దగ్గర నిలబడే కంపెనీకి ఈమెయిల్ చేయండి.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే:

ఆలస్యం చేయకుండా, వీలైతే ఆ రోజే అభ్యంతరం తెలుపుతూ ఈమెయిల్ పంపండి. అందులో కోపం వద్దు, నాలుగు ప్రశ్నలు చాలు. దెబ్బ తగిలిన భాగం పేరేమిటి? దాని ఫోటో ఎక్కడ? ఆ దెబ్బ వల్ల ఈ లోపం ఎలా వచ్చింది? వారంటీ కార్డులో ఏ షరతు ప్రకారం కాదంటున్నారు? అసలు బలమంతా మూడో ప్రశ్నలో ఉంది. మూలలో చిన్న సొట్ట ఉండటం వేరు, ఆ సొట్ట వల్లే ఛార్జింగ్ ఆగిపోవడం వేరు. ఒకచోట గీత ఉందని మరోచోటి లోపాన్ని కొట్టేయడానికి వీల్లేదు. దీనికి రాతపూర్వకంగా జవాబు చెప్పలేని సర్వీస్ సెంటర్లు తరచూ ఈ దశలోనే దిగివస్తాయి. "వోల్టేజి ఎక్కువై బోర్డు కాలింది" అన్నప్పుడూ ఇదే ప్రశ్న. అదే లైన్లో ఉన్న మిగతా వస్తువులు బాగానే పనిచేస్తున్నాయని రాసి, కాలిన భాగం ఫోటో అడగండి.

వస్తువు వెనక్కి తీసుకోవాల్సి వస్తే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను, బాగుకాలేదు" అని డెలివరీ కాగితం మీద రాసే తీసుకోండి. తీసుకున్నాక దాన్ని రిపేరు చేయించకండి, అమ్మకండి. పరీక్ష లేకుండా తేల్చలేని లోపమైతే కమిషన్ సెక్షన్ 38 కింద ప్రయోగశాలకు పంపగలదు. ఫీజు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. ఆ నివేదిక జాబ్ షీట్ మీద టెక్నీషియన్ రాసిన ఒక్క ముక్క కంటే ఎంతో బరువైనది. కానీ పరీక్షించడానికి వస్తువు ఉన్నదున్నట్టు మిగిలి ఉండాలి.

లక్షణం: "ఇన్నాళ్లు వాడి ఇప్పుడొచ్చారేం?"

కారణం: లోపం కనిపించాక కూడా వాడుతూ ఉండటం. 1930 సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సహేతుకమైన కాలం దాటి అట్టేపెట్టుకుంటే అంగీకరించినట్టే. అప్పుడు నష్టపరిహారం అడగవచ్చు గానీ, పూర్తి ధర వెనక్కి రాబట్టడం కష్టమవుతుంది.

పరిష్కారం: లోపం కనిపించిన రోజే వాడకం ఆపి, ఈమెయిల్‌లో "తిరస్కరిస్తున్నాను, ధర వాపసు ఇవ్వండి" అని రాయండి. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. "మార్చండి లేదా బాగుచేయండి లేదా డబ్బివ్వండి" అని మూడూ కలిపి అడగకండి, మూడింట్లో వాళ్లకు చవకైనదే ఇస్తారు.

లక్షణం: డెలివరీలోనే పగిలి వచ్చింది, "మంచి స్థితిలో అందుకున్నారు" అంటున్నారు

పెట్టె నొక్కుకుపోయి ఉంటే డెలివరీ మనిషి ఉండగానే తెరవండి. తెరవనివ్వకపోతే కాగితం మీద "తెరిచి చూడలేదు" అని రాసి సంతకం పెట్టండి. తెరిచి చూపించే డెలివరీ అయితే చూడకుండా ఓటీపీ చెప్పకండి. లోపలి అట్టలు, థర్మాకోల్ కేసు తేలేదాకా పారేయకండి.

లక్షణం: డబ్బుకు బదులు క్రెడిట్ నోటు (అదే షాపులో ఆ విలువకు మరొకటి కొనుక్కోమనే చీటీ)

లోపమున్న వస్తువుకు క్రెడిట్ నోటే తీసుకోవాలన్న నియమం లేదు. వద్దని రాతపూర్వకంగా చెప్పండి. తీసుకుంటే మాత్రం బేరం ముగిసినట్టే.

ఇవేవీ పనిచేయకపోతే

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పవచ్చు. వాళ్లు కంపెనీకి పంపి జవాబు రాబడతారు, తీర్పు మాత్రం చెప్పరు. అక్కడ తేలకపోతే 15 రోజుల గడువిస్తూ షాపుకూ, కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు, 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధిలోదే. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. అటూ ఇటూ ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు పెరగదు.

లాభం కోసం వ్యాపారానికి కొన్న వస్తువైతే ఈ దారి ఉండదు, స్వయం ఉపాధికి కొన్నదైతే ఉంటుంది. షాపు మూతపడితే కంపెనీ మీదే వెళ్లండి. ఈఎంఐ మీద కొన్నవాళ్లు కోపంతో కిస్తీలు ఆపకండి. అప్పు ఇచ్చింది వేరే సంస్థ, ఆపితే సిబిల్ స్కోరు పడేది మీది.

కేసు వేశాక షాపు రాజీకి రావడం తరచూ జరుగుతుంది. రాజీ మొత్తం ఖాతాలో పడ్డాకే కేసు వెనక్కి తీసుకునే మెమో మీద సంతకం పెట్టండి. చెక్కు ఇస్తే అది పాసయ్యేదాకా ఆగండి.