ప్రతిపాదనల ఎగుమతికి కమాండ్-లైన్ పరికరం – 3వ పాఠం: ఒక్కో వరుస దేనిది?

సదస్సుకు వచ్చిన ప్రసంగ ప్రతిపాదనలను సర్వర్ పేజీలు పేజీలుగా పంపుతుందనీ, 'తరువాతి పేజీ' చిరునామా ఖాళీగా వచ్చేదాకా అడుగుతూనే ఉండాలనీ గత పాఠంలో చూశాం. అలా జేసన్ (సమాచారాన్ని పేరు-విలువ జతలుగా, జాబితాలుగా రాసే పాఠ్య రూపం) రూపంలో చేతికందిన జాబితాను ఈ పాఠంలో, స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకొనే సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసి రాసే) ఫైలుగా మారుద్దాం.

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పట్టికలో ఒక్కో వరుస దేనిది? ప్రతిపాదనదా, వక్తదా? జేసన్‌లో ప్రతి ప్రతిపాదన లోపలా వక్తల జాబితా ఒకటి ఇమిడి ఉంటుంది; పట్టికలోని గడికి ఆ వెసులుబాటు లేదు. ఇద్దరు కలిసి ఇచ్చే ప్రసంగాన్ని రెండు వరుసలుగా రాస్తే, చూసేవారు దాన్ని రెండు ప్రతిపాదనలుగా లెక్కవేస్తారు. ఒక సదస్సుకు నేను అలాగే రాసి ఇచ్చాను. మొత్తం ఎందుకు ఎక్కువ వస్తోందో తెలియక ఎంపిక సంఘం ఒక సాయంత్రమంతా తలపట్టుకుంది. ఆ తప్పు నాదే కాబట్టి ఇక్కడ ఇంతగా నొక్కి చెబుతున్నాను.

సమీక్షకులకు ప్రతిపాదనకొక వరుస ఇచ్చి, వక్తల పేర్లను సెమికోలన్‌తో కలిపి ఒకే గడిలో రాయండి. బ్యాడ్జీలు, బస చూసుకొనేవారికి మాత్రం వక్తకొక వరుస కావాలి. ఈ రెంటిలో ఏది కావాలో చెప్పే ఆప్షన్‌ను కమాండ్‌కు చేర్చి, ఏమీ చెప్పనప్పుడు మొదటి పద్ధతినే పాటించేలా చేయండి. పద్ధతి ఏదైనా, ప్రతిపాదన గుర్తింపు కోడ్ ప్రతి వరుసలోనూ ఉండి తీరాలి. రెండు పట్టికలను మళ్లీ జతపరచడానికి అదే ఆధారం.

ఇక రాయడం. విలువల మధ్య కామాలు పెట్టి మనమే అతికిస్తే, సారాంశంలో మొదటి కామా రాగానే గడులు పక్కకు జరిగిపోతాయి. 2005లో వెలువడిన, సీఎస్‌వీ రూపాన్ని వివరించే ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రం ప్రకారం కామా గానీ, కొత్త లైను గానీ, జంట ఉల్లేఖన చిహ్నం గానీ ఉన్న విలువను జంట ఉల్లేఖనాల్లో ఉంచాలి. లోపల ఉన్న చిహ్నాన్ని రెండుసార్లు రాయాలి. ఉదాహరణకు ఒక సారాంశం ఇలా ఉందనుకోండి:

వేగం, భద్రత: "రెండూ" సాధ్యమే

ఫైలులో అది ఇలా మారుతుంది:

"వేగం, భద్రత: ""రెండూ"" సాధ్యమే"

పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్ ఈ పనంతా తనే చూసుకుంటుంది. ఫైలును తెరిచేటప్పుడు న్యూలైన్ విలువను ఖాళీగా ఇవ్వడం మరవకండి; లేకుంటే విండోస్‌లో వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వరుస కనిపించవచ్చు.

తెలుగు శీర్షికలున్నప్పుడు మరో జాగ్రత్త అవసరం. ఫైలు సరైన యూటీఎఫ్-8లోనే (తెలుగుతో సహా అన్ని లిపులనూ బైట్లుగా రాసే ఎన్‌కోడింగ్ పద్ధతి) ఉన్నా, ఆ సంగతి తెలిపే గుర్తు మొదట్లో లేకపోతే ఎక్సెల్ దాన్ని పాత ఎన్‌కోడింగ్‌గా భావించి అక్షరాల బదులు పిచ్చి గీతలు చూపవచ్చు. ఎన్‌కోడింగ్ పేరుగా 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే పైథాన్ ఆ 3 బైట్ల గుర్తును ఫైలు మొదట్లో తానే చేరుస్తుంది.

అభ్యాసం: ఎగుమతి అయ్యాక వరుసల లెక్క సరిచూడండి. టెర్మినల్‌లో లైన్లు లెక్కపెట్టే ఆదేశాన్ని ఇందుకు నమ్మవద్దు. సారాంశాల్లోని కొత్త లైన్లన్నిటినీ అది లెక్కలో కలిపేస్తుంది. ఫైలును సీఎస్‌వీ మాడ్యూల్‌తోనే తిరిగి చదివి, శీర్షిక వరుసను మినహాయించి, ప్రతిపాదనకొక వరుస పద్ధతిలోనైతే వచ్చిన సంఖ్యను జేసన్ జాబితా పొడవుతో పోల్చండి. సమాన చిహ్నంతో మొదలయ్యే శీర్షికను స్ప్రెడ్‌షీట్ సూత్రంగా తీసుకొనే ప్రమాదాన్ని 4వ పాఠంలో సరిదిద్దుదాం.